మీటరు మూగబోయే వేళ

రక్తంలో చక్కెరను కొలిచే మీటరు నేడు మన ఇళ్ళలో థర్మామీటరంత సామాన్యమైపోయింది. భారత వైద్య పరిశోధన మండలి మద్దతుతో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహంతో జీవిస్తున్నారు. మరో 13 కోట్ల 60 లక్షల మంది ఆ వ్యాధి గడపలో నిలబడి ఉన్నారు. ఇంతమంది ఉన్న దేశంలో మీటరు గురించి మాటలకు కొదవ లేదు. ఏ కంపెనీది మంచిది, స్ట్రిప్పుల డబ్బా ఎక్కడ చవక, ల్యాబ్ ఫలితానికీ ఇంటి ఫలితానికీ తేడా ఎందుకు వస్తుంది అనే చర్చ పెళ్ళి విందుల్లో సైతం సాగుతుంది. కాని ఆ మీటరును నడిపించే బిళ్ళంత బ్యాటరీ ప్రస్తావన మాత్రం ఎక్కడా రాదు. అది పనిచేసినంత కాలం దాని ఉనికే గుర్తుండదు. పనిచేయని రోజున ఇంట్లో రెండవది ఉండదు.

ఆ రోజు కచ్చితంగా ఎప్పుడు వస్తుందో చెప్పలేము. కాని ఏ కాలంలో రావచ్చునో ఊహించడం కష్టం కాదు. మామూలు నెలల్లో వారానికి ఒకటి రెండుసార్లు వేలికి సూది గుచ్చుకునే వ్యక్తి రమజాన్ మాసంలో రోజుకు పలుమార్లు పరీక్షించుకోవలసి వస్తుంది. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య, మధుమేహం - రమజాన్ అంతర్జాతీయ కూటమి కలిసి 2021లో నవీకరించిన మార్గదర్శకాలు, ముప్పు అధికంగా ఉన్నవారు సహరీకి ముందు, ఉదయం, మధ్యాహ్నం, పొద్దు వాలే వేళ, ఇఫ్తార్‌కు ముందు, ఇఫ్తార్ అయిన రెండు గంటలకు పరీక్షించుకోవాలని సూచించాయి. ఇవిగాక ఒంట్లో తేడా తోచిన ఏ క్షణంలోనైనా పరీక్ష తప్పనిసరి. ఆరు నిర్ణీత వేళలనే లెక్కించినా నెలకు 180 పరీక్షలు. ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ మధుమేహం ఉండి మీటరు ఒక్కటే అయితే 360.

ఈ పరీక్షలు ఎందుకంత అవసరమో ఒక పాత అధ్యయనం చెబుతుంది. 2001లో ముస్లిములు అధికంగా నివసించే 13 దేశాలలో 12 వేల మందికి పైగా మధుమేహ వ్యాధిగ్రస్తులను పరిశీలించిన ఎపిడయార్ అధ్యయనంలో, ఆసుపత్రికి తరలించవలసినంత తీవ్రంగా చక్కెర పడిపోయిన ఘటనలు రమజాన్‌లో మొదటి రకం మధుమేహులలో 4.7 రెట్లు, రెండవ రకం వారిలో 7.5 రెట్లు పెరిగినట్లు తేలింది. వేలి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించుకున్నంత మాత్రాన ఉపవాసం భంగం కాదని పండితులు స్పష్టం చేసి ఉన్నారు. కనుక పరీక్షకు ధర్మపరమైన అడ్డంకి లేదు. అడ్డంకి ఏదైనా ఉంటే అది కొన్నిసార్లు ఆ బిళ్ళ బ్యాటరీయే.

అరచేతిలోకి ఒదిగిన యంత్రం

మీటరు చరిత్రలో బ్యాటరీకి పెద్ద పాత్రే ఉంది. 1970 ప్రాంతంలో అమెరికాలోని ఏమ్స్ సంస్థ తెచ్చిన తొలి మీటరు సుమారు 1.2 కిలోల బరువు ఉండేది. దాని లోహపు పెట్టె, అందులోని సీసపు ఆమ్ల బ్యాటరీలే ఆ బరువుకు కారణం. అంటే స్కూటర్లలో వాడే బ్యాటరీ వంశానికి చెందినదే అది. దాని ధర 495 డాలర్లు. వైద్యులకూ ఆసుపత్రులకూ తప్ప రోగులకు అమ్మేవారు కాదు. బాల్యం నుంచే మధుమేహంతో బాధపడుతున్న రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజినీరు, తన భార్య వైద్యురాలు కావడం వల్ల ఆమె పేరుతో దానిని తెప్పించుకొని తన రక్తాన్ని తానే పరీక్షించుకోవడం మొదలుపెట్టాడు. ఆ అనుభవమే ఆయనను తరువాతి కాలంలో వైద్యవిద్య చదివించి వైద్యుణ్ణి చేసింది. రోగి తన ఇంట్లో తానే పరీక్షించుకోవచ్చుననే ఆలోచనకు దారి వేసిన తొలి వ్యక్తులలో ఆయన ఒకరు.

నేటి మీటరు జేబులో పడుతుంది. అందులో ఉండేది చాలావరకు సీఆర్ 2032 అనే బటన్ సెల్లు. ఆ పేరులోనే దాని కొలతలు ఉన్నాయి: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. లోపల ఉన్నది లిథియం, మాంగనీసు డయాక్సైడు. ఇచ్చేది 3 వోల్టులు. కొన్ని మీటర్లలో ఇలాంటివి రెండు ఉంటాయి. మరికొన్నింటిలో టీవీ రిమోట్‌లో వాడే సన్నని ట్రిపుల్ ఏ సెల్లులు ఉంటాయి. మీటరు కొనేటప్పుడు ఈ చివరి తేడాను ఎవరూ పట్టించుకోరు గాని, పట్టణానికి దూరంగా ఉండే కుటుంబానికి నేను ట్రిపుల్ ఏ సెల్లుల మీటరునే సిఫారసు చేస్తాను. ఊళ్ళోని కిరాణా కొట్టులో ఆ సెల్లు దొరుకుతుంది. అర్ధరాత్రి దాటాక కొట్టు మూసి ఉన్నా, గోడకున్న గడియారంలో నుంచో రిమోట్‌లో నుంచో తీసి వేసుకోవచ్చు. సీఆర్ 2032 కోసం మందుల దుకాణానికో గడియారాల దుకాణానికో వెళ్ళక తప్పదు. అత్యవసరమైతే వంటింటి డిజిటల్ త్రాసులోనో, కారు తాళపు రిమోట్‌లోనో అదే సెల్లు ఉండవచ్చునని మాత్రం గుర్తుంచుకోవాలి.

వెయ్యి పరీక్షలు అన్నారు గదా!

మీటరు పెట్టెపై బ్యాటరీ సుమారు 1000 పరీక్షలకు వస్తుందని రాసి ఉంటుంది. వారానికి రెండుసార్లు పరీక్షించుకునే వ్యక్తి ఈ లెక్క వేసుకుంటే దాదాపు పదేళ్ళు వస్తుంది. ఏ ఇంట్లోనూ పదేళ్ళు రాదు. దుకాణదారు మోసం చేశాడనో, మీటరు నాసిరకమనో అనుకోవడం సహజం. అసలు విషయం వేరు.

మీటరు నిద్రపోతున్నప్పుడు కూడా లోపల ఒక చిన్న గడియారం నడుస్తూనే ఉంటుంది. ఏ పరీక్ష ఏ తేదీన, ఏ సమయాన జరిగిందో రాసిపెట్టేది అదే. అది తీసుకునే విద్యుత్తు అత్యల్పం. ఉదాహరణకు నిద్రలో ఉన్న మీటరు 5 మైక్రో ఆంపియర్లు తీసుకుంటుందని అనుకుందాము. ఏడాదికి అది దాదాపు 44 మిల్లీ ఆంపియర్ అవర్లు అవుతుంది. ఒక మంచి సీఆర్ 2032 సెల్లులో ఉండే మొత్తం నిల్వ సుమారు 220. అంటే ఒక్క పరీక్ష కూడా చేయకుండా అలమరలో పెట్టి ఉంచినా ఏడాదికి అయిదో వంతు ఖర్చయిపోతుంది. మీటరును బట్టి ఈ అంకె మారుతుంది గాని, పరీక్ష చేయకపోతే బ్యాటరీ ఆదా అవుతుందన్న నమ్మకం మాత్రం సగమే నిజం.

ఇక మెలకువగా ఉన్నప్పుడు జరిగే ఖర్చు పరీక్ష వల్ల అయ్యేదానికంటే దాని చుట్టూ ఉన్న హంగుల వల్లే ఎక్కువ. స్ట్రిప్పుపై పడిన రక్తంలో ఎంజైము జరిపే చర్య వల్ల పుట్టే విద్యుత్ ప్రవాహాన్ని కొలవడానికి మీటరుకు పట్టే సమయం కొద్ది సెకన్లు. ఆ పనికి కావలసిన శక్తి స్వల్పం. తెర వెనుక వెలిగే దీపానికీ, ఫోనుకు ఫలితాన్ని పంపే బ్లూటూత్‌కూ, బీప్ శబ్దానికీ ఎక్కువ శక్తి కావాలి. ఫోనుతో జోడించకుండానే బ్లూటూత్‌ను తెరిచి ఉంచడం చాలా ఇళ్ళలో కనిపించే వృథా. సంచిలో మీటరును సూది పెన్నుతో, స్ట్రిప్పుల డబ్బాతో కుక్కి పెట్టినప్పుడు బటన్ నొక్కుకుపోయి మీటరు తనంతట తాను మేల్కొంటూ ఉండడం మరొకటి. ఫలితం చూశాక స్ట్రిప్పును అలాగే వదిలేయడం కూడా మంచి అలవాటు కాదు.

బ్యాటరీ ఎందుకు చెప్పాపెట్టకుండా ఆగిపోతుందన్న ప్రశ్నకు కూడా సమాధానం ఈ సెల్లు స్వభావంలోనే ఉంది. టార్చిలైటు సెల్లు నెమ్మదిగా బలహీనపడుతుంది. వెలుగు తగ్గుతుంటే మనకు తెలుస్తుంది. లిథియం బటన్ సెల్లు అలా కాదు. తన ఆయుష్షులో అత్యధిక భాగం 3 వోల్టులకు సమీపంలోనే నిలకడగా ఉండి, చివరి దశలో ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే మల్టీమీటరు పెట్టి కొలిచిన దుకాణదారు బాగానే ఉందని తిరిగి ఇచ్చిన సెల్లు, మీటరులో వేయగానే మొరాయిస్తుంది. ఏ పనీ చేయనప్పుడు సెల్లు చూపే వోల్టేజీ వేరు, దీపం వెలిగి కొలత సాగుతున్నప్పుడు నిలబెట్టగలిగే వోల్టేజీ వేరు. వారానికి రెండు పరీక్షలతో ఏదో ఈడ్చుకొస్తున్న సెల్లు, రమజాన్ తొలి పది రోజులు గడవకముందే చేతులెత్తేయడంలో వింత లేదు. ఉపవాసాలు ప్రారంభం కావడానికి వారం ముందు కొత్త సెల్లు వేసి, మరొకటి ప్యాకెట్టు విప్పకుండా దాచిపెట్టుకుంటే సరిపోతుంది. అయ్యే ఖర్చు కొన్ని స్ట్రిప్పుల ధరను మించదు.

'లో' అంటే బ్యాటరీ కాదు

బ్యాటరీ బలహీనపడితే మీటరు తప్పుడు అంకె చూపుతుందా అని చాలామంది అడుగుతారు. సక్రమంగా తయారైన మీటరు పరీక్షకు ముందు తన బ్యాటరీ వోల్టేజీని తానే తనిఖీ చేసుకుంటుంది. తగినంత లేకపోతే బ్యాటరీ బొమ్మ చూపి పరీక్ష చేయడానికి నిరాకరిస్తుంది. కనుక చక్కెర 250 ఉంటే బ్యాటరీ వల్ల 120 చూపిందనే అనుమానం సాధారణంగా నిజం కాదు. అటువంటి తేడాలకు కాలం చెల్లిన స్ట్రిప్పు, మూత తెరిచి ఉంచిన డబ్బా, తీపి వస్తువు పట్టుకొని కడగని వేలు కారణాలు. ఖర్జూరం వలిచిన వేలితో పరీక్షిస్తే ఎంతటి మంచి మీటరైనా బెంబేలెత్తించే అంకెనే చూపుతుంది.

ప్రమాదం మరో చోట ఉంది. మీటరు తెరపై కొన్నిసార్లు ఆంగ్లంలో 'లో' అనే రెండక్షరాలు కనిపిస్తాయి. ఇన్వర్టరు, సెల్‌ఫోను, గోడ గడియారం అన్నింటిలోనూ బ్యాటరీ 'లో' అయిందనే మాటకు అలవాటు పడిన మనకు, అది చూడగానే బ్యాటరీ అయిపోయిందన్న అర్థమే తడుతుంది. కాని మీటరు భాషలో ఆ మాటకు అర్థం, రక్తంలో చక్కెర తాను కొలవగలిగిన కనిష్ఠ స్థాయికన్నా కిందికి పడిపోయిందని. చాలా మీటర్లలో ఆ స్థాయి 20 మిల్లీగ్రాములు, కొన్నింటిలో 10. అది ప్రాణాపాయ స్థితి. అదే విధంగా 'హై' అని కనిపిస్తే చక్కెర 600 వంటి గరిష్ఠ స్థాయిని దాటిందని అర్థం. బ్యాటరీకి సంబంధించిన హెచ్చరికలో అక్షరాలకు బదులు చిన్న బ్యాటరీ బొమ్మ ఉంటుంది.

ఒక్క క్షణం ఊహించండి. అసర్ నమాజు వేళ దాటింది. ఉపవాసంలో ఉన్న దాదీమా చెమటలు పట్టి, మాట తడబడుతూ మంచంపై ఒరిగింది. మనవడు మీటరు తెచ్చి పరీక్షించాడు, తెరపై 'లో' వచ్చింది. బ్యాటరీ అయిపోయిందనుకొని అతడు సైకిలెక్కి బజారుకు పరుగెత్తితే ఏమవుతుంది? ఆ ఇరవై నిమిషాలలో ఆమె స్పృహ కోల్పోవచ్చు. ఇంట్లో మీటరు పట్టుకునే ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా ఇంగ్లీషు చదవగల పిల్లలకు ఈ తేడా చెప్పి తీరాలి. మీటరు పెట్టెలోని సూచనల కాగితం చాలావరకు ఆంగ్లంలో, చీమలంత అక్షరాలతో ఉంటుంది. ఇన్ని కోట్ల స్ట్రిప్పులు అమ్ముకునే కంపెనీలు తెలుగులో ఒక్క పేజీ అచ్చు వేయలేకపోవడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

మరి బ్యాటరీ నిజంగానే అయిపోయి ఉంటే? అప్పుడు కూడా చేయవలసింది అదే. చెమట, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, చూపు మసకబారడం, అసహజమైన చికాకు, తికమక వంటి లక్షణాలు కనిపించినప్పుడు పరీక్షించే వీలు లేకపోతే చక్కెర పడిపోయినట్లే భావించి చికిత్స చేయాలి. సెల్లు కోసం వెతకడం తరువాతి పని. స్పృహలో ఉండి మింగగలిగిన వ్యక్తికి మూడు చెంచాల చక్కెర కలిపిన నీరుగాని, సుమారు 15 గ్రాముల గ్లూకోజుగాని ఇవ్వాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ లేని వ్యక్తి నోట్లో ఏదీ పోయరాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కు ఫోను చేయాలి.

ఉపవాసం సంగతేమిటన్న సందేహంతో ఆ సమయంలో తటపటాయించేవారు ఉన్నారు. ఇఫ్తార్‌కు ఇంకెంతో సమయం లేదు, కాస్త ఓర్చుకుంటే సరిపోతుందని పెద్దవారు పట్టుబడతారు. పై మార్గదర్శకాలు చక్కెర 70 మిల్లీగ్రాములకంటే తగ్గినా, 300 దాటినా, పడిపోయిన లక్షణాలు కనిపించినా ఉపవాసం వెంటనే విరమించాలని చెబుతున్నాయి. వ్యాధిగ్రస్తులు ఆ ఉపవాసాలను మరో దినాలలో పూర్తి చేసుకోవచ్చునన్న వెసులుబాటు దివ్యఖుర్ఆన్‌లోని బఖరా సూరాలోనే ఉంది. మీటరు అంకె చూపలేదు గనుక 70 కన్నా తగ్గిందని రుజువు లేదనే వాదన, ఇఫ్తార్ ఇంకా గంట ఉందనగా ఇంటింటా వినిపించే వాదనలలో అత్యంత ప్రమాదకరమైనది.

గడియారం చెప్పే అబద్ధం

సెల్లు మార్చిన తరువాత ఎదురయ్యే మరో సమస్య నెమ్మదిగా బయటపడుతుంది. పాత సెల్లు తీయగానే చాలా మీటర్లలో గడియారం ఆగిపోతుంది. పాత ఫలితాలు జ్ఞాపకంలో భద్రంగా ఉంటాయి గాని, తేదీ, సమయం మొదటికి వస్తాయి. కొత్త సెల్లు వేశాక సెట్ చేయమని మీటరు అడుగుతుంది. మనం తొందరలో ఉంటాము. ఏదో ఒక బటన్ నొక్కి దాటవేసి పరీక్ష చేసుకుంటాము. అప్పటినుంచి ప్రతి ఫలితం పక్కనా తప్పు సమయమే నమోదవుతుంది.

దీనివల్ల నష్టమేమిటంటే, వైద్యుడు మీటరును చేతిలోకి తీసుకొని చూసేది అంకెను మాత్రమే కాదు, ఆ అంకె ఏ వేళదన్నదీ చూస్తాడు. తెల్లవారుజామున 210 ఉంటే అతడు రాత్రి వేసుకునే మందు గురించి ఆలోచిస్తాడు. ఇఫ్తార్ తరువాత 210 ఉంటే తిండి గురించి అడుగుతాడు. పగలు రాత్రి తారుమారైన మీటరును నమ్మి ఇన్సులిన్ మోతాదు పెంచితే, అది సరిగ్గా చక్కెర తక్కువగా ఉండే వేళకే పనిచేయడం మొదలుపెట్టవచ్చు. వారం సగటు, నెల సగటు అని మీటరు చూపే లెక్కలు కూడా తేదీ మీద ఆధారపడినవే. పన్నెండు గంటల గడియారం ఉన్న మీటరులో ఉదయం, సాయంత్రం గుర్తు సరిచూసుకోవడం మరువరాదు. సహరీ ఫలితం సాయంత్రం ఖాతాలో పడేది అక్కడే. ఇంత శ్రమ ఎందుకనుకునేవారు ఒక చిన్న పుస్తకంలో వేళతో సహా చేతితో రాసుకుంటే మరీ మంచిది. కాగితానికి బ్యాటరీ అక్కరలేదు.

సెల్లు కొనేటప్పుడు

రోడ్డు పక్క గొడుగు కింద గాజుపెట్టెలో విడిగా దొరికే సెల్లు ఎప్పుడు తయారైందో, ఎవరు తయారుచేశారో తెలియదు. మంచి లిథియం సెల్లు ఏళ్ళ తరబడి నిల్వ ఉంటుంది. దానంతట అది కోల్పోయే శక్తి ఏడాదికి ఒక శాతం మాత్రమే. కాని అది సీలు వేసిన ప్యాకెట్టులో ఉన్నప్పటి మాట. విడి సెల్లులు ఒకదానికొకటి తగులుతూ డబ్బాలో దొర్లుతుంటే లోలోపలే ఖర్చయిపోతాయి. గడువు తేదీ ఉన్న ప్యాకెట్టునే కొనడం ఉత్తమం.

సీఆర్ 2032 లేదని సీఆర్ 2025 అంటగట్టడం కూడా జరుగుతుంటుంది. వోల్టేజీ అదే గాని మందం 2.5 మిల్లీమీటర్లే. గూటిలో వదులుగా ఉండి కాసేపు పనిచేస్తుంది, కాసేపు ఆగిపోతుంది. దాని కింద సిగరెట్టు పెట్టె రేకును మడిచి పెట్టే నేర్పరులు ఉన్నారు. ఆ నేర్పు మీటరు దగ్గర వద్దు. మరికొందరు పొదుపు కోసం ఎల్ఐఆర్ 2032 అనే రీచార్జి సెల్లు తెస్తారు. ఆకారం అచ్చం అదే. అయితే పూర్తిగా చార్జి చేసినప్పుడు అది 4.2 వోల్టులు ఇస్తుంది. 3 వోల్టుల కోసం తయారైన మీటరు పాడైపోవచ్చు. పైగా దాని నిల్వ మామూలు సెల్లులో అయిదో వంతు మాత్రమే. పిల్లలు నోట్లో పెట్టుకుంటే ఉమ్మివేయాలని కొన్ని కంపెనీలు సెల్లుపై చేదు పూత పూస్తున్నాయి. పూత ఉద్దేశం గొప్పదే అయినా కొన్ని పరికరాలలో అది విద్యుత్ స్పర్శకు అడ్డుపడుతుంది. ఆపిల్ సంస్థ తన ఎయిర్‌ట్యాగ్ విషయంలో ఈ హెచ్చరిక చేసింది. కొత్త సెల్లు వేసినా మీటరు వెలగకపోతే, మీటరును తప్పుపట్టే ముందు మరో కంపెనీ సెల్లు వేసి చూడడం మంచిది.

ప్రతి మొండితనమూ బ్యాటరీదే అనుకోనవసరం లేదు. చాలా మీటర్లు సుమారు 10 నుంచి 40 డిగ్రీల మధ్యనే పనిచేస్తాయి. రామగుండంలో, కొత్తగూడెంలో మే నెల ఎండ 45 డిగ్రీలు తాకే రోజున, స్కూటరు డిక్కీలో పెట్టిన మీటరు ఉష్ణోగ్రత గుర్తు చూపి పరీక్ష నిరాకరిస్తుంది. 2024 హజ్ దినాలలో మక్కాలో 51.8 డిగ్రీలు నమోదైంది. అటువంటి ఎండలో బయట మీటరు పనిచేస్తుందని ఆశించలేము. నీడకు చేర్చి, చల్లని గదిలో కాసేపు ఉంచితే అది తేరుకుంటుంది. అలాగని ఇన్సులిన్‌తో పాటు మీటరును కూడా ఫ్రిజ్‌లో పెట్టేవారున్నారు. చలికి సెల్లు శక్తి మందగిస్తుంది, బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది. హజ్, ఉమ్రా యాత్రికులు మీటరును, అదనపు సెల్లులను చేతి సంచిలోనే ఉంచుకోవాలి. విడి లిథియం సెల్లులను విమానపు లగేజీలో వేయడానికి నిబంధనలు అంగీకరించవు.

ఫోనుకు తగిలించి వాడే మీటర్లు, చేతికి అంటించే సెన్సర్లు వచ్చాక ఈ బాధ తీరిందని అంటారు. తీరలేదు, చోటు మారింది. ఫోను నుంచే శక్తి తీసుకునే మీటరుకు ఫోను ఆగిపోతే దిక్కులేదు. తరావీహ్ నమాజు ముగిసేసరికి ఫోనులో అయిదు శాతం మిగిలి ఉండడం మనకు తెలియనిది కాదు.

పాత సెల్లు ఎక్కడికి పోతోంది?

మీటరులోంచి తీసిన సెల్లును బల్లపై వదిలేయడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. మీటరును నడపలేని సెల్లులో కూడా ఒక పసిబిడ్డ అన్నవాహికను కాల్చగలిగినంత శక్తి మిగిలే ఉంటుంది. 20 మిల్లీమీటర్ల ఆ బిళ్ళ చిన్న పిల్లల గొంతు కింద సరిగ్గా ఇరుక్కుంటుంది. తడి కణజాలం తగలగానే విద్యుత్తు ప్రవహించి అక్కడ క్షారం పుడుతుంది. రెండు గంటలలోపే తీవ్రమైన గాయం ఏర్పడవచ్చు. అమెరికాలో ఇలా మరణించిన పద్దెనిమిది నెలల పాప పేరిట 2022లో రీస్ చట్టం తెచ్చి, ఇటువంటి సెల్లుల గూళ్ళు పిల్లలు తెరవలేని విధంగా ఉండాలని నిర్దేశించారు. మన ఇళ్ళలోని మీటరు మూత గోటితో తీస్తే వచ్చేస్తుంది. అది దాదీమా దిండు పక్కనే ఉంటుంది, మనవలు ఆడుకునేదీ అక్కడే.

పిల్లవాడు సెల్లు మింగాడని అనుమానం వచ్చినా చాలు, ఎక్స్‌రే సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తక్షణం తీసుకువెళ్ళాలి. వాంతి చేయించరాదు, అన్నం పెట్టరాదు. ఏడాది నిండిన పిల్లలైతే, మింగి పన్నెండు గంటలు దాటకపోతే, దారిలో పది నిమిషాలకు ఒకసారి రెండు చిన్న చెంచాల తేనె చొప్పున ఆరుసార్ల వరకు ఇవ్వవచ్చునని అమెరికా విష నియంత్రణ కేంద్రం సూచిస్తోంది. తేనె ఆ గాయాన్ని కొంత ఆలస్యం చేస్తుంది, చికిత్స మాత్రం కాదు. తేనె కోసం ప్రయాణం ఆపరాదు. ఎక్స్‌రేలో సెల్లు నాణెంలాగే కనిపించవచ్చు. అందువల్ల ఇంట్లో మీటరు ఉందని, సెల్లు కనబడడం లేదని వైద్యునికి ముందే చెప్పాలి.

సెల్లు మార్చిన వెంటనే పాతదానికి రెండు వైపులా అతికే టేపు చుట్టి, పిల్లలకు అందని డబ్బాలో వేయాలి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను ఇంటి చెత్తలో కలపకుండా విడిగా సేకరణకు అప్పగించాలి. పట్టణాలలో ఈ-చెత్త తీసుకునే కేంద్రాలు ఇటువంటి సెల్లులను స్వీకరిస్తాయి. పల్లెల్లో ఉన్నవారు టేపు చుట్టిన సెల్లులను మూత బిగించిన సీసాలో పోగుచేసి, పట్టణానికి వెళ్ళినప్పుడు ఇచ్చి రావచ్చు.